చెయ్యెత్తమంటే ఎత్తింది

ఫిజియోథెరపీ చదువుకుని కొత్తగా సర్కారు దవాఖానల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో మంచి కేసు ఒకటి చెప్పండి" అంటారు. మంచి కేసంటే వాళ్ళ లెక్కలో, మంచం మీద వచ్చిన మనిషి తన కాళ్ళ మీద తిరిగి వెళ్ళిన కేసు. అలాంటివి నా దగ్గర బోలెడున్నాయి, అడగకపోయినా చెప్తాను. కానీ నేను అన్నింటికన్నా గర్వంగా చెప్పుకునే కేసులో ఆ మనిషి నా గదికి నడుచుకుంటూనే వచ్చింది, నడుచుకుంటూనే వెళ్ళింది. ముందుగా బాగుపడాల్సి వచ్చింది నేను.

నల్లగొండ జిల్లాలో, దేవరకొండ గుట్టలకు అవతల ఒక చిన్న సర్కారు దవాఖాన. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అక్కడ నన్ను ఎదురుగా 'కసరత్ మేడం' అనేవాళ్ళు, వెనక 'పోలీసు మేడం' అనేవాళ్ళు. నా గొంతు అలాంటిది. నేను "చెయ్యెత్తు!" అంటే పక్క గదిలో సూది కోసం కూర్చున్నవాళ్ళు కూడా ఎత్తేవాళ్ళని మా వాళ్ళు ఎగతాళి చేసేవారు. నాకు ఆ ఎగతాళి కూడా ఇష్టంగానే ఉండేది. బతిమాలితే మంచం దిగనివాడు గద్దిస్తే దిగుతాడని నా నమ్మకం. చాలామంది దిగారు కాబట్టి ఆ నమ్మకాన్ని అనుమానించే అవసరం ఎప్పుడూ రాలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, రోహిణి కార్తె ఎండల్లో ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు. యాభై దాటి ఉంటాయి. నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. రైతుతో మాట్లాడి పని ఒప్పుకోవడం, తెల్లవారేసరికి ఇల్లిల్లూ తిరిగి అందరినీ లేపడం, పొలంలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం, అంతా ఆమే. ఆ ఉదయం బోరింగ్ దగ్గర బిందె పెట్టి కూలబడిపోయింది. మాట ముద్దగా వచ్చింది. రెండు రోజులు మగతగా పడుకుంది. నల్లగొండ పంపి స్కాన్ తీయిస్తే మెదడులో బాగా లోతున చిక్కుడు గింజంత మచ్చ కనిపించింది. పక్షవాతమే, కానీ చేతులూ కాళ్ళూ పడిపోలేదు. ఎంత అదృష్టవంతురాలో అనుకున్నాం.

మగత తీరాక నా దగ్గరికి పంపారు. "చెయ్యెత్తమ్మా" అన్నాను. ఎత్తింది. "నా వేళ్ళు గట్టిగ పట్టు." నొప్పి పుట్టేలా పట్టింది. లెమ్మంటే లేచింది, నడవమంటే నడిచింది, తిరగమంటే తిరిగింది, కూర్చోమంటే కూర్చుంది. కాగితం మీద 'పూర్తిగా కోలుకుంది' అని రాసి, సంతకం కింద ఒక అడ్డగీత కూడా గీశాను. బాగా తృప్తిగా ఉన్నప్పుడు గీస్తాను.

ఇరవై రోజులకు ఆమెను కోడలు ఓపీకి తీసుకొచ్చింది. కోడలికి ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయేమో, పెళ్ళై ఆరు నెలలు.

"మేడం, మా అత్తమ్మ ఏడ కూసుంటె ఆన్నే ఉంటాంది" అంది. "బువ్వ వెడితె తింటది, వెట్టకుంటె అడగది. తానం చెయ్యమంటె చేస్తది, అనకుంటె లేదు. పిలిస్తె ఒక్క మాట పలుకుతది, గంతే. ఏడ్వది, నవ్వది. ఇంతకుముందు వాడకట్టంత ఆమెనే ఉంటుండె మేడం."

నేను అత్త వైపు తిరిగి "లే!" అన్నాను. లేచింది. "నడువు!" నడిచింది.

"చూసినవా? ఏ జబ్బు లేదు ఈమెకు" అన్నాను కోడలితో. "మీ ఇంట్ల ఏమైందో ఏమో, మనసు ఖరాబు చేసుకున్నది. నువ్వు మంచిగ చూసుకో, అదే సక్కగైతది."

మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. మోకాళ్ళ నొప్పులకని వాళ్ళ ఊరి ఆడవాళ్ళు నలుగురు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నలుగురూ విన్నారు. కోడలు తల వంచుకుని, అత్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను తర్వాతి మోకాలిని లోపలికి పిలిచాను.

శ్రావణం వచ్చింది. నాట్లు జోరుగా సాగుతున్నాయి. ఒక శుక్రవారం పొద్దున కోడలు ఒక్కతే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, ఆయితారం పంచాయితీ వెట్టిన్రు. నేను అత్తమ్మకు మందు వెట్టిన్నంట. నన్ను తల్లిగారింటికి తోలేస్తరంట. మళ్ళ రానియ్యరంట."

మందు పెట్టడమంటే విషం పెట్టడం కాదు. అన్నంలో ఏదో ఆకు పసరు కలిపి పెడితే, తిన్న మనిషి పెట్టిన మనిషికి లొంగిపోతుందని, సొంత బుద్ధి పోయి చెప్పినట్టల్లా వింటుందని మా వైపు పాతకాలపు నమ్మకం. ఆ నమ్మకానికి ఈమె తీరు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. వాడకట్టునంతా లేపి నడిపించిన మనిషి, ఇప్పుడు కొత్త కోడలు లెమ్మంటే లేస్తోంది, తినమంటే తింటోంది. అనుమానం మొదట వచ్చింది ఆమె కూతురికి. పక్క ఊరికి ఇచ్చిన పిల్ల.

"మా ఆడబిడ్డ చెడ్డది కాదు మేడం" అంది కోడలు. "తల్లంటె పానం ఆమెకు. మొన్న నా కాళ్ళు వట్టుకొని ఏడ్చింది, ఏం మందు వెట్టినవో చెప్పు, విరుగుడు చేపిస్త, నిన్నేమన అని. నాకేమెరుక మేడం చెప్పెతందుకు?"

"జబ్బని చెప్పకపోయినవా?"

"చెప్పిన. దవాఖాన్ల మేడమే జబ్బు లేదన్నది, మేం చెవులార ఇన్నం అంటున్రు. జబ్బు గాకుంటె మందేనంట."

ఆ పిల్ల నా మీద నింద వేయడానికి రాలేదు. జరిగింది చెప్పడానికి వచ్చింది, అంతే. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియక టీ చల్లారిందని మా ఆయమ్మ మీద అరిచాను. ఆయమ్మ నాకన్నా పెద్దది, దవాఖాన మొత్తంలో నా అరుపుకు జంకని ఒకే ఒక్క మనిషి. కప్పు తీసుకుని, మళ్ళీ వేడి చేసి తెచ్చి, నా ముందు పెట్టింది.

మర్నాడు కొడుకు తల్లిని తీసుకొచ్చాడు. భార్యను పోనివ్వడం అతనికి ఇష్టం లేదు, అక్క మాట కొట్టేసే ధైర్యమూ లేదు. నాకు మాత్రం ఏం పరీక్ష చేయాలో తెలియలేదు. తెలిసినదే మళ్ళీ మొదలుపెట్టాను. "గోడదాక నడువమ్మా. ఆడ నిలబడు" అన్నాను. నిలబడింది. ఇంతలో ఆటో బోల్తా పడిందని గాయాలతో కొందరిని తెచ్చారు. కట్లు కట్టడానికి చేతులు చాలక నన్నూ పిలిచారు. పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి గంట దాటింది.

గుమ్మంలో ఆయమ్మ ఎదురొచ్చింది. "మేడం, గామెను గట్ల గోడకు ఎందుకు నిలవెట్టిన్రు?"

"నేనెప్పుడు నిలబెట్టిన?"

"నిలబడు అనిపోయిన్రు గద. గప్పటిసంది గట్లనే ఉన్నది. కొడుకు చాయ తాగ పోయిండు. ఈగ వచ్చి మొకం మీద వాలింది మేడం, కొట్టుకోలే. నేనే కొంగుతోటి కొట్టిన."

లోపలికి వెళ్ళి చూశాను. ముక్కుకు జానెడు దూరంలో గోడ, కళ్ళు తెరిచే ఉన్నాయి. కూర్చోమని చెప్పాను. కూర్చుంది. కాళ్ళు నొప్పి పుట్టాయా అంటే "పుట్టినయి" అంది. మరి కూర్చోలేదేమని అడిగితే ఏమీ అనలేదు.

"మీరు చెప్తె అన్ని చేస్తది మేడం" అంది ఆయమ్మ వెనక నుంచి. "చెప్పకుంటె ఏం చేస్తదో ఎన్నడన్న సూసిన్రా?"

చూడలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఒక్కరినీ అలా చూడలేదు. నా పరీక్ష మొదటి నుంచి చివరి దాకా ఆజ్ఞలే. లే, నడువు, ఎత్తు, దించు. ఈమెలో పోయింది బలం కాదు, పని మొదలుపెట్టడం. ఆ మొదలును నేను నా నోటితో అందించి, అది ఆమెదే అనుకుని మార్కులు వేశాను. కింద అడ్డగీత కూడా గీశాను.

ఆ మధ్యనే మా దవాఖానకు పెద్ద చదువు ముగించుకున్న డాక్టరు ఒకతను వచ్చాడు. మీసాలు సరిగా రాలేదని అతని సలహాలు నేను అంతగా పట్టించుకునేదాన్ని కాదు. ఆ రోజు నేనే స్కాన్ ఫిల్ము పట్టుకుని అతని గదికి వెళ్ళాను. కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది థాలమస్ మేడం. దీని ముందు భాగంలో పడింది దెబ్బ" అన్నాడు. "ఇక్కడి నుంచి నుదుటి వెనకున్న మెదడుకు దారులు పోతయి. పని మొదలువెట్టుడు, ఒకదాని తర్వాత ఒకటి చేసుడు, కోపం, సంబురం, విసుగు, అన్నీ ఆ ముందు మెదడు చూసుకునేవే. ఈమెకు ముందు మెదడు మంచిగనే ఉన్నది. దానికి వార్త మోసే దారి తెగింది. ముందు మెదడు చెడినా, ఈ దారి తెగినా పైకి ఒక్కతీరే కనిపిస్తది."

"బాగైతదా?"

"చాలామందిల మెల్లమెల్లగ బాగైతది. కొంత మిగిలిపోవచ్చు. అప్పటిదాక ఎవరో ఒకరు పక్కనుండి మొదలు అందియ్యాలె. ఇంట్ల అట్ల చెప్పి చేయించేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"కోడలు. మొదటి రోజు నుంచి."

"అంటే మనకన్న ముందు ఆమెనే వైద్యం మొదలువెట్టింది" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఆ వైద్యానికే ఆ పిల్లను ఇంట్లోంచి పంపిస్తున్నారు.

టీ తాగి వచ్చిన కొడుకును అడిగాను, ఎవరూ చెప్పకుండా మీ అమ్మ ఏ పనైనా చేసిందా అని. "అలంపూర్ గుడికి తీస్కపోయినం మేడం, మొక్కుకున్నమని" అన్నాడు. "గుడి చుట్టు జనం తిరుగుతాంటె తను గూడ మంచిగ తిరిగింది. మాకు సంబురమైంది. గని మేం ఆగినా తను ఆగలే. జనం తిరుగుతనే ఉన్నరు గద, తను తిరుగుతనే ఉన్నది. ఆఖరికి మా అక్క పోయి చెయ్యి వట్టి గుంజుకొచ్చింది."

అతను తల్లి ఆగలేదని బాధపడుతున్నాడు. నాకు మాత్రం ఆమె నడవడమే వినిపించింది. అక్కడ ఎవరూ నడువు అనలేదు. పక్కవాళ్ళ అడుగులే ఆమెకు మొదలు అందించాయి.

ఆదివారం పొద్దున ఆయమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. డాక్టరుకు డ్యూటీ ఉండి రాలేకపోయాడు, ఒక కాగితం రాసిచ్చాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దమనిషి, ఇంకో నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. కింద చాప మీద కూతురు తల్లి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. కోడలు గోడ పక్కన నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర బట్టల సంచి. తీర్పు కాకముందే సర్దేశారన్నమాట. ఆ సంచి వైపు నేను రెండోసారి చూడలేకపోయాను.

"ముందుగాల నా తప్పు ఒప్పుకుంట" అన్నాను. "జబ్బు లేదన్నది నేనే. జబ్బు ఉన్నది. నేను సరిగ చూడలే."

నలుగురిలో అలాంటి మాట అనడం నాకు అదే మొదటిసారి. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, వెనక ఉన్నవాళ్ళు "జర గట్టిగ చెప్పున్రి మేడం" అన్నారు. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గట్టిగానే చెప్పాను. "మీ బోరు కాడ మోటరు మంచిగుంటది, కరెంటుంటది, బోర్ల నీళ్ళుంటయి. స్టాటర్ కాడ వైరు తెగితె మోటరు తిరుగుతదా? ఈమె చేతులు మంచిగున్నయి, కాళ్ళు మంచిగున్నయి, తెలివి ఉన్నది. మొదలువెట్టే కాడ వైరు తెగింది. కోడలు చెప్తె లేస్తాంది అంటె, కోడలు చేత్తోటి స్టాటర్ నొక్కుతాంది, గంతే."

స్టార్టర్ పెట్టెలతో రోజూ తంటాలు పడేవాళ్ళు కాబట్టి చాలామంది తలలు ఊపారు. కూతురు మాత్రం ఊపలేదు. "మరి ఆమె చెప్తెనే ఎందుకు లేస్తది మేడం? నేను కన్నబిడ్డను. రెండు నెలల సంది ఏడుస్తున్న, ఏమైందే అమ్మా, మాట్లాడవే అని. నా దిక్కు సుత సూడది."

"నువ్వు ఏడ్చినవు బిడ్డా. లెమ్మని ఎన్నడన్న చెప్పినవా?"

ఆమె నా వైపు అయోమయంగా చూసింది. తల్లిని ఆజ్ఞాపించాలని ఏ కూతురికి తోస్తుంది? "ఇప్పుడు చెప్పు. ఏడ్వకుంట చెప్పు" అన్నాను. కళ్ళు తుడుచుకుని, "అమ్మా, లే" అంది. తల్లి లేచి నిలబడింది. కూతురు కింద కూర్చునే పైకి చూస్తూ ఉండిపోయింది.

పెద్దమనిషి గట్టి పిండం. "సరే మేడం. చెప్తె లేచింది. మందు తిన్నోళ్ళు గూడ చెప్పినట్టే చేస్తరు గద. అప్పుడు మీరు జబ్బు లేదన్నరు, ఇప్పుడు ఉన్నదంటున్రు. ఎవ్వలు చెప్పకుంట ఈమె పని చేస్తె, అప్పుడు నమ్ముత."

అతను అడిగింది న్యాయమే. నా చేతిలో డాక్టరు రాసిన ఇంగ్లీషు కాగితం అక్కడ ఎందుకూ పనికిరాలేదు. మడిచి సంచిలో పెట్టుకుని అడిగాను, "ఈమె ముఠా ఇయ్యాల యాడ నాటేస్తాంది?"

బడి వెనక పొలంలోనే. అందరం అక్కడికి కదిలాం. ఎవరూ ఆమెకు ఒక్క మాట చెప్పకూడదన్నాను, నేను కూడా నోరు తెరవనన్నాను. ఆయమ్మ నన్ను నమ్మనట్టు చూసింది. ముఠా ఆడవాళ్ళు తమ మేస్త్రిని చెయ్యి పట్టి మడిలోకి దింపి, వరస మధ్యలో నిలబెట్టి, చేతిలో నారు కట్ట పెట్టారు. తర్వాత వాళ్ళు వంగి నాటడం మొదలుపెట్టారు.

ఆమె నిలబడింది.

నాటేవాళ్ళు వెనక్కి వెనక్కి జరుగుతారు కదా. వరస ఒక అడుగు జరిగింది, రెండు అడుగులు జరిగింది. ఆమె ఒక్కతే ముందు మిగిలిపోయింది, చేతిలో నారు కట్ట అలాగే ఉంది. ఒడ్డు మీద గుసగుసలు మొదలయ్యాయి. "నాటు!" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, నాటుతుంది, నాకు తెలుసు. కానీ ఆ మాట అంటే ఆ పిల్ల బతుకు పోతుంది, అదీ తెలుసు. పెదవి పంటి కింద నొక్కి పట్టాను.

అప్పుడు కోడలు సంచి ఒడ్డు మీద పెట్టి, చీర ఎగదోపుకుని మడిలో దిగింది. ఎవరూ దిగమనలేదు. అత్త పక్కనే, భుజం ఆనేంత దగ్గరగా నిలబడి, నోట మాట లేకుండా వంగి నాలుగు పోచలు నాటింది. మళ్ళీ నాలుగు. అత్త ఆ చేతిని చూసింది. ఇంకా చూస్తూనే ఉంది. వంగింది. నాలుగు పోచలు తీసి నాటింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ నాటింది.

కాసేపట్లో ఆమె చెయ్యి కోడలి చేతిని దాటిపోయింది. వరసను అందుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు తల ఎత్తకుండా నాటుతూనే ఏడుస్తున్నారు. పెద్దమనిషి ఒడ్డు మీద ముందుకు వచ్చి కోడలికి చేత్తో సైగ చేశాడు, బయటికి రమ్మని. కోడలు ఒడ్డెక్కింది.

అత్త ఆగలేదు. అటూ ఇటూ ముఠా ఆడవాళ్ళ చేతులు నడుస్తున్నాయి, వాటితో పాటు ఆమె చేతులూ నడిచాయి. వరస ఒడ్డుకు చేరి అందరూ నడుం ఎత్తితే తనూ ఎత్తింది. వాళ్ళు వంగితే వంగింది. అప్పుడు నేను అరిచిన అరుపుకు మడిలోని కొంగలు లేచిపోయాయి. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. మంచి మాట కాదని ఆయమ్మ ఇప్పటికీ అంటుంది.

"కోడలు చెయ్యే గాదు, ఎవల చెయ్యి నడిచినా నడుస్తాంది" అన్నాడు పెద్దమనిషి చాలాసేపటికి. "మందు గాదిది. మేడం చెప్పినట్టు స్టాటరే." తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. కూతురు ఎవరి వైపూ చూడకుండా ఒడ్డు మీది సంచి తీసి భుజాన వేసుకుంది. మరదలి బురద చెయ్యి పట్టుకుని, "నడువు, ఇంటికి పోదాం" అంది.

ఆ తర్వాత పని సులువైంది. కోడలికి నేను నేర్పింది తక్కువ, ఆమె దగ్గర నేర్చుకుంది ఎక్కువ. చెప్పడం తగ్గించి పక్కన ఉండి చేయడం పెంచింది. తను చీపురు పట్టుకుని అత్త చేతికి ఇంకోటి ఇచ్చేది. కూతురు వారానికోసారి వచ్చి అలాగే చేసేది. ముఠా ఆమెను ఒక్కరోజు కూడా వదిలి వెళ్ళలేదు. నేను మాత్రం దవాఖానలో కొత్త అలవాటు చేసుకున్నాను. పరీక్షంతా అయ్యాక ఓ అయిదు నిమిషాలు నోరు మూసుకుని రోగిని చూడటం. మీరూ చేయండి. నాలాంటి నోటికే సాధ్యమైంది, మీకు కష్టమేమీ కాదు. ఆ అయిదు నిమిషాల్లో నాకు ఇంకో ముగ్గురు దొరికారు, వాళ్ళవాళ్ళు సోమరులని, మొండివాళ్ళని అనుకుంటున్నవాళ్ళు.

చలికాలంలో, యాసంగి పంట నాట్లప్పుడు ఒక పొద్దున ఓపీ కిటకిటలాడుతుంటే కోడలి ఫోన్ వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"మేడం! మా అత్తమ్మ నన్ను తిట్టింది!"

"ఏమని?"

"నారు గింత దూరం దూరం వెడ్తవా, నీకు నాటు ఎవలు నేర్పిన్రే అన్నది!"

నేను లేచి నిలబడ్డాను. ఒక్క ప్రశ్నే అడగాల్సి ఉంది. "తిట్టుమని ఎవలన్న చెప్పిన్రా?"

"ఎవ్వలు చెప్పలే మేడం! తనంతట తనే తిట్టింది. ఇంకా తిడ్తనే ఉన్నది, ఇనున్రి" అంటూ ఫోన్ పొలం వైపు చాపింది.

గాలి హోరులో మాటలు సరిగా వినిపించలేదు, తిట్టడం మాత్రం బ్రహ్మాండంగా వినిపించింది. కాసేపు విని ఫోన్ ఆయమ్మ చెవికి పెట్టాను. తర్వాత డాక్టరు గదికి పరుగెత్తి అతని చెవికి పెట్టాను. అప్పటికీ ఆమె తిడుతూనే ఉంది.